తడపని మిరపకాయలు

మన దేశం ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్థిక శక్తి అవుతుందా, అవదా అని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎనిమిదో తరగతి సగంలో బడి ఎగ్గొట్టి, మళ్ళీ అటు తొంగిచూడనివాణ్ని అడగరు కూడా. టీవీవాళ్ళు అడిగేది కోటు వేసుకున్నవాళ్ళని. కోటు వేసుకున్నవాడు మా ఎండలకి ఏ సంగతైనా చప్పున తేల్చేసి ఏసీలోకి పోదామనే చూస్తాడు గనక వాళ్ళ జవాబులు పొట్టిగా, ఖాయంగా ఉంటాయి. నాకున్నది ఒక ట్రాలీ ఆటో. సత్తెనపల్లి చుట్టుపక్కల చేలల్లోంచి పత్తీ, మిర్చీ ఎక్కించుకుని గుంటూరు మార్కెట్ యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో తోలుతుంటాను. సీజన్లో యార్డు గేటు ముందు బండ్లు బారులు తీరి నిలబడితే ఆలోచించుకోవడానికి బోలెడంత తీరిక దొరుకుతుంది. అంచేత ఎవరూ అడక్కపోయినా నా జవాబు రాసిపెడుతున్నాను.

ఈ ప్రశ్న మొదట నా చెవిన పడింది మేం టీ తాగే కొట్టు దగ్గర. అక్కడికి రోజూ పొద్దున్నే ఒక పంతులుగారు వస్తారు. వాళ్ళ నాన్నగారి దాకా పౌరోహిత్యం. ఈయన మాత్రం బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మంత్రాలకి బదులు పేపరు చదివి మా అందరికీ అర్థం చెబుతుంటారు. దక్షిణ ఒక టీ. ఆ రోజు పేపరు మడిచి బల్ల మీద ఫట్‌మని కొట్టారు.

"చూశావుటోయ్, మనం పైపైకి పోతున్నాం. ఇంకొన్నాళ్ళు పోతే మనకంటే ముందు ఒకళ్ళో ఇద్దరో మిగులుతారు."

"పోనివ్వండి పంతులుగారూ, మంచిదేగా. ఆఖరి బంతికి అప్పడం అందుద్దా మరి?"

"మధ్యలో అప్పడం ఏమిటయ్యా?"

మా వైపు పెళ్ళి జరిగితే ఎన్ని గంగాళాల పులిహోర కలిపారో నెల్లాళ్ళు చెప్పుకుంటారు. ఎంతమంది తిన్నారో చెప్పరు. మొదటి బంతిలో కూర్చున్నవాళ్ళకి బూరె మీద బూరె, అడగని అప్పడం మీద అప్పడం. ఆఖరి బంతివాళ్ళకి మిగిలేది సాంబారులో ములక్కాడ, అదీ ఎవరన్నా ముందే నమిలి వదిలేశారేమో అన్నంత పీచుగా. దేశం గంగాళం ఎంత పెద్దదైందో పేపర్లో వేస్తున్నారు గానీ, నా విస్తట్లో ఎంత పడిందో వెయ్యట్లేదు గదండీ అన్నాను.

పంతులుగారు నవ్వారు. "నువ్వు చదువుకునుంటే కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాడివోయ్."

"చదువుకునుంటే మొదటి బంతిలో కూర్చునేవాణ్ని గదండీ. ఈ సంగతి నాకెట్టా తెలిసేది?"

కొట్టు దగ్గర అందరూ నవ్వారు. ఆయన మాత్రం వదల్లేదు. "సరేనయ్యా, గంగాళమే చిన్నదైతే మొదటి బంతికే అందదు గదా. అప్పుడేం చేస్తావు?" అన్నారు. చల్లారిపోయిన టీని ఊదుకుంటూ కూర్చున్నాను.

మా అక్కకి చిక్కు వచ్చిపడింది ఆ రోజుల్లోనే. మా అక్క నాకంటే పెద్దది, నాకంటే పొట్టిది, నాకంటే గట్టిగా అరుస్తుంది. బావ ఒంగోలు దగ్గర గ్రానైటు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికొస్తాడు. వచ్చినప్పుడు కూడా కనుబొమల మీద రాతి పొడి ఉంటుంది. సేద్యమంతా అక్కదే. సొంత పొలం లేదు, గుంటూర్లో ఉండే ఒక ఆసామి పొలం కౌలుకి తీసుకుని మిర్చి వేస్తుంది. ఆయన్ని మేం బాబాయిగారూ అంటాం. చుట్టరికం ఏమీ లేదు. పొలం ఉన్నవాళ్ళు లేనివాళ్ళందరికీ బాబాయిలే.

వరసగా రెండేళ్ళు అక్కకి దెబ్బ తగిలింది. ఒక ఏడు తామర పురుగు పూతంతా నాకేసింది. తర్వాతి ఏడు కాయ బ్రహ్మాండంగా వచ్చింది, ధర రాలేదు. మా దగ్గర కాయా ధరా అలిగిన తోడికోడళ్ళ లాంటివి, ఒక బస్సులో రావు. మూడో ఏడు కాయ ఎర్రబడుతుండగా అక్క చేలో నిలబడి తేల్చి చెప్పింది.

"ఒరేయ్, ఈసారి కూడా యార్డులో పారబోసి చేతులు దులుపుకుని రావాల్సొస్తే ఇంక నా వల్ల కాదు. కౌలు వదిలేస్తా. కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి పోతా. బాబాయిగారు ఉగాదిలోపు ఏ సంగతీ చెప్పమన్నాడు."

"అక్కడ నోరు మూసుకుని పనిచెయ్యాలంటక్కా. నిన్నెవరు పెట్టుకుంటారు?"

ఆవిడ నవ్వలేదు. మామూలుగా నా మాటకి ముందు నవ్వి తర్వాత వీపు మీద ఒకటి వేస్తుంది. రెండూ జరగలేదంటే సంగతి ముదిరిందని అర్థం.

అప్పుడే గుంటూరు రోడ్డులో ఉన్న ఒక ఎగుమతి కంపెనీ తరఫున ఒక అమ్మాయి మా ఊరొచ్చింది. చీరాలలో మగ్గాలు నేసే ఇంటి పిల్ల. చేతిలో చిన్న మిషను, అందులో కాయలు పోసి మూత పెడితే తేమ ఎంతుందో అంకె చూపిస్తుంది. పాల కేంద్రం అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. మట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ పట్టాల మీద ఆరబెట్టాలి. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయ కలపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కాయ మీద నీళ్ళు చల్లకూడదు. తడి తగిలితే లోపల బూజు పట్టి కంటికి కనపడని విషం పుడుతుంది, అది కొనే దేశంలో పరీక్షలో బయటపడితే కంటెయినర్ కంటెయినరే తిరుగు ఓడెక్కి వచ్చేస్తుంది. కాయ నెగ్గితే మాత్రం యార్డు కంటే మంచి ధర గేటు దగ్గరే ఇస్తారు, వచ్చే ఏడు కూడా ఆ రైతు దగ్గరే కొంటారు.

"అంత దూరం తీసుకుపోయి ఏం చేస్తారు మేడం, పచ్చడా?" అంది అక్క.

"కారప్పొడి చేస్తారండీ. కొంతమంది కాయలోంచి రంగు తీస్తారు. తినే సరుకుల్లో వేస్తారు, లిప్‌స్టిక్కుల్లో కూడా వాడతారు."

"ఆహా! మనం ఇక్కడ తుమ్మి చచ్చేది ఎవరి మూతికో పుయ్యడానికన్నమాట."

అందరూ గొల్లుమన్నారు. అమ్మాయి కూడా నవ్వి, ఆ రంగు తీసే ఫ్యాక్టరీలు ఇప్పుడు మన వైపే లేస్తున్నాయని చెప్పింది. నాకు పంతులుగారి గంగాళం కళ్ళ ముందు కనపడింది. కాయ పంపేవాడిది చిన్న గంగాళం. కాయలోంచి రంగు పిండి పంపేవాడిది పెద్ద గంగాళం. పండించేది మనమూ, మూతికి పూసే రంగు అమ్మేది ఇంకొకడూ అయినన్నాళ్ళూ మనం ఆఖరి బంతిలోనే కూర్చోవాలి. బడి మానేసినవాడికి కూడా ఇంత లెక్క అర్థమవుతుంది.

అయితే నీళ్ళు చల్లొద్దన్న మాటకి మా ఊరివాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అన్నం తిను, నీళ్ళు తాగకు అన్నట్టుంది వాళ్ళకి. మా దగ్గర ఎండుమిర్చి బస్తాకెత్తడానికి ఒక పద్ధతుంది. కాయ గలగలా ఎండాక దాని మీద నీళ్ళు చల్లి, మెత్తబడనిచ్చి, గోనెలో పోసి మనుషులు పైకెక్కి తొక్కుతారు. అలా కుక్కిన బస్తాని టిక్కీ అంటాం. తడపకుండా తొక్కితే కాయ చిట్లి గింజలు రాలిపోతాయి, కోరు, అదే కారం ఘాటు, లేచి తొక్కేవాడు తుమ్మి తుమ్మి కింద పడతాడు. నీళ్ళకి తూకం కూడా పెరుగుతుంది. ఆ సంగతి ఎవరూ పైకి అనరు, అందరూ కోరు గురించే మాట్లాడతారు. కొనేవాడికి తెలియదా? తెలుసు గనకే ధరలో ముందే కోత పెడతాడు. కోత పెడతాడని తెలుసు గనక వీళ్ళు ఇంకో చెంబు చల్లుతారు. మా తాతల నాటి నుంచీ రైతూ వ్యాపారీ ఇలా ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకుంటూనే ఉన్నారు, వసంతాలాట లాగా.

టిక్కీలు తొక్కే ముఠాకి పెద్ద ఒకాయన ఉన్నాడు. మేం మావయ్యా అని పిలుస్తాం. అక్క చెప్పింది విని తలపాగా తీసి విదిలించాడు.

"నీళ్ళు చల్లకుండానా? అమ్మాయ్, కాళ్ళతో తొక్కమంటన్నావా, మంత్రంతో తొక్కమంటన్నావా?"

"పొద్దున్నే మంచుకి కాయ కాస్త మెత్తగా ఉంటది గదా మావయ్యా. అప్పుడు తొక్కండి. మరీ కుక్కొద్దు, పట్టినంతే పట్టిద్ది."

"పట్టినంతే అంటే టిక్కీ బూరుగు దిండు లాగుంటది. చూసినోళ్ళు నన్ను నవ్వరూ? నేను తొక్కిన టిక్కీ మీద పీటలేసి పెళ్ళి చెయ్యొచ్చు, తెలుసా నీకు?"

"పెళ్ళి తర్వాత చేద్దాంలే. ముందు ఇది పరీక్ష పాసవ్వాలి."

"మిరపక్కాయలకి పరీక్షలేందమ్మా?" అని నన్ను చూపించాడు. "ఇదుగో, నీ తమ్ముడే పాసవ్వలా."

"అందుకే గదా మావయ్యా, నన్నెవరూ కొనలా" అన్నాను.

గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. అక్క ఆయన్నీ నమ్మింది, ఎందుకైనా మంచిదని కల్లంలో మా అమ్మని కాపలా పెట్టింది. అమ్మకి కర్ర దొరికింది, ఇంక చూసుకోండి. చెంబుతో ఎవరు కనపడినా అడ్డం పోయేది. చెంబు పట్టుకుని వేరే పని మీద చేలోకి పోతున్న ఒక ముసలాయన్ని కూడా ఆపి విచారణ చేసింది. కంపెనీ అమ్మాయి మధ్యలో ఒకసారి చూడ్డానికొస్తే, ఆ పిల్ల తాగే నీళ్ళ సీసా కూడా గట్టు మీద పెట్టించి గానీ లోపలికి రానివ్వలేదు.

బస్తాకెత్తే రోజు పొద్దున్నే నాకు పత్తి కిరాయి తగిలింది. అక్కకి పై చేలో కోతకి కూలీలు వచ్చేస్తే వాళ్ళ వెంట పోయింది. కల్లం దగ్గర మిగిలింది ముఠావాళ్ళూ, కాపలాకి అమ్మా. మా అమ్మ కాపలాలో ఒక సుళువుంది. కర్ర మేలుకుని ఉంటుంది, అమ్మ నిద్రపోతుంది. నేను తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. అమ్మ కుర్చీలో గురక పెడుతోంది. టిక్కీలన్నీ మూతులు కుట్టేసి వరసగా నిలబెట్టారు. పక్కన నీళ్ళ కుండ, దాని మీద బోర్లించిన చెంబు.

"ఏం మావయ్యా, చెంబు బోర్లా పడుకుంది, అలిసిపోయిందా?" అన్నాను నవ్వుతూనే.

ఆయన నా వైపు చూడలేదు. "దప్పికైతే తాగినదానిక్కూడా లెక్క చెప్పాలా అబ్బాయ్?" అన్నాడు.

అక్క వచ్చి ఒక్కో టిక్కీ మీద చెయ్యి వేసి చూసింది. కుట్టేసిన గోనె బయటికి ఏం చెబుతుంది? ఒకటి విప్పి చూద్దామా అన్నాను. "విప్పితే వాళ్ళని దొంగలన్నట్టే గదరా" అంది. బండికి తాళ్ళు సిద్ధం చేసుకుంటున్నంతసేపూ ఆ చెంబు నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

భోజనాలయ్యాక బండికెత్తాం. ముందు ఒక్క బండి తెమ్మన్నారు కంపెనీవాళ్ళు. అది నెగ్గితే మిగతా పంటంతా తీసుకుంటారు. అక్క ఇంట్లోకి ఆధార్ కార్డు తెచ్చుకోవడానికి వెళ్ళింది. నేను టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండి ముందు కొబ్బరికాయ కొట్టి, అగరొత్తులు గుచ్చడానికి చోటు వెతుక్కుంటున్నాను. వెనక ఏం జరుగుతోందో చూసుకోలేదు. బయల్దేరబోతుంటే అమ్మ వచ్చి ముందు సీటు పట్టుకుంది.

"నేనూ వస్తా. మన కాయలు విమానం ఎక్కేది చూడాల."

"విమానం కాదమ్మా, ఓడ. అదీ గుంటూర్లో ఎక్కదు."

"ఏదో ఒకటి ఎక్కుద్దిగా. జరుగు."

ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. దారంతా అక్క పెదాలు కదులుతున్నాయి. దేవుడికి మొక్కుతోందో, మావయ్యని తిడుతోందో నేను అడగలేదు.

కంపెనీ గేటు లోపలంతా సిమెంటు నేల, ఎక్కడా గడ్డి పరక లేదు. అమ్మాయి తెల్ల కోటు వేసుకుని వచ్చి, పైనున్న టిక్కీ కుట్టు కోసి చెయ్యి లోపలికి పెట్టి తీసింది. వేళ్ళు పసుప్పచ్చగా వచ్చాయి. తన వేళ్ళు చూసుకుంది, మమ్మల్ని చూసింది. మిషన్లో కాయలు పోసి అంకె చూసేసరికి మొహం మారిపోయింది.

"ఏం కలిపారండీ ఇందులో?"

"ఏం కలపలేదు మేడం" అంది అక్క.

"కాయ తడిగా ఉంది. దానికి తోడు రంగు. రంగు కలిపారని తేలితే మీ ఒక్కళ్ళతో పోదండీ, మీ ఊళ్ళో ఇంక ఎవరి దగ్గరా కొనరు."

నేను నా అలవాటు కొద్దీ కల్పించుకున్నాను. "ఎర్ర కాయకి పసుపు రంగు ఎవరేస్తారు మేడం? అంత పిచ్చి మోసం చెయ్యాలన్నా కాస్త చదువుండాలి గదా." ఎవరూ నవ్వలేదు. ఈలోగా లోపల్నుంచి మేనేజరు వచ్చాడు. సంగతి విని, బండి వెనక్కి తిప్పించెయ్యమని చెప్పి వెళ్ళబోయాడు.

అప్పుడు ముందు సీట్లోంచి మా అమ్మ దిగింది.

"ఏందమ్మా గొడవ? రంగేందీ? పసుపు తల్లీ అది. శుభానికి చల్లా."

"ఎంత చల్లావే?" అంది అక్క.

"ముందు చెంబులో కలిపి మావిడాకు పెట్టి చల్లా. దేశం కాని దేశం పోతన్నయ్, దారిలో ఎన్ని కళ్ళు పడతయ్యో, చెంబేం చాలుద్దని బకెట్టు కలిపా."

"బకెట్టా!"

"చిన్న బకెట్టేలే."

"కల్లంలో నీళ్ళు తగలనివ్వొద్దని కర్ర పట్టుకు కూర్చుంది నువ్వే గదమ్మా!" అన్నాను.

"అవి నీళ్ళురా. ఇది పసుపు" అంది మా అమ్మ, ఇంత చిన్న తేడా కూడా తెలియని కొడుకుని కన్నందుకు జాలిపడుతూ.

అమ్మాయి పెదవి కొరుక్కుంది. "మా ఇంట్లో కొత్త పడుగు మగ్గానికెక్కిస్తే మా నాయనమ్మా ఇంతే" అని మెల్లగా అంది. వెంటనే గొంతు సర్దుకుంది. "కానీ మిషనుకి అవేం తెలియవండీ. నీళ్ళయినా పసుపయినా తడి తడే."

నేను అక్క చెవిలో గొణిగాను. "ఆ పిల్ల కరిగేట్టుంది. నువ్వు కాస్త ఏడువక్కా."

"నోరు మూసుకుని తాళ్ళు విప్పరా" అని నన్ను పక్కకి నెట్టి, అక్క మేనేజరు ముందుకెళ్ళి నిలబడింది.

"సార్, పసుపు తగిలిన టిక్కీలు మీకొద్దు. మేమే దించి పక్కన పెడతాం. కింద ఉన్నవాటిని శాంపులు చూడొద్దు. ప్రతిదీ విప్పండి. ఒక్కదాంట్లో తడి కనపడ్డా బండి మొత్తం తీసుకుపోతా, మళ్ళీ మీ గేటు తొక్కను."

అక్కకి చెంబు సంగతి గుర్తులేదా? గుర్తుంది. నా వైపు ఒకసారి చూసింది, ఆ చూపులోనే తెలిసింది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, సరే, విప్పండి అన్నాడు. ఆయన ఆ మాట అనక్కర్లేదు. వెనక్కి పంపితే ఆయనకి పోయేదేమీ లేదు. ఒక ఆడమనిషి మాట మీద సాయంత్రమంతా బస్తాలు విప్పించడానికి ఒప్పుకున్నాడు, అదీ లెక్కలో వెయ్యాలి.

పసుపువి పక్కకి పోయాయి. మొదటి పొడి టిక్కీ దించి కుట్టు కోశాం. అమ్మాయి చెయ్యి పెట్టగానే లోపల్నుంచి గలగలమని చప్పుడొచ్చింది. మిషను మంచి అంకె చూపించింది. రెండోది గలగల. ఆ తర్వాతదీ గలగల. ఒక్కోటి దించుతుంటే నేను ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని నిలబడ్డాను, మెత్తగా చుయ్‌మంటుందేమోనని. బండి అడుగు రేకు కనపడే దాకా దించాం. ఆఖరి టిక్కీ కూడా, కాలి పట్టీల పిల్ల పరుగెత్తినట్టు గలగలమంది. కోరుకి అందరం తుమ్ముతున్నాం. మేనేజరు కూడా తుమ్మాడు. మా అమ్మ అందరికీ చిరంజీవ చెప్పింది.

అక్క అక్కడి నుంచే మావయ్యకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"మావయ్యా, అన్నీ విప్పి చూశారు. ఒక్కదాంట్లో తడి లేదు."

"ఉంటదనుకున్నావా?"

అక్క అబద్ధం ఆడలేదు. "అనుకున్నా మావయ్యా."

"నేను చెంబు ఎత్తిన మాట నిజమేనమ్మాయ్. చేతిలో నీళ్ళు కూడా పోసుకున్నా. నువ్వు పొద్దున చేలోకి పోతా పోతా, మావయ్యా నీ మీద వదిలి పోతన్నానంటివి గదా, అదొచ్చి అడ్డం పడింది. తాగేసి బోర్లించా. ఆ కోరుకి తుమ్మి తుమ్మి నడుం పట్టేసింది. వచ్చే ఏడు కూలి పెంచాల, ఇప్పుడే చెప్తన్నా."

బడికి పోయినవాళ్ళు దీన్ని ఏమంటారో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇంతే. మూతి కుట్టేసిన బస్తాలో ఏముందో కుట్టినవాడికే తెలుసు. ఎవరూ చూడని చోట, కాపలా మనిషి గురక పెడుతుండగా, ఎన్నో ఏళ్ళ అలవాటు చేతిలో చెంబై కూర్చున్నా, ఒక మనిషి ఆ నీళ్ళు కాయ మీద చల్లకుండా తాగేశాడు. అలాంటి బస్తాలు ఊరూరా నాలుగు లేచాయంటే కొనేవాడు కోత పెట్టడం మానేస్తాడు. వాడు మానేస్తే వీళ్ళకి చెంబుతో పని ఉండదు. గంగాళం అలా పెద్దదవుతుంది. దీంతోనే అంతా అయిపోతుందని కాదు. తామర పురుగు పేపరు చదవదు, ధరకి పౌరుషం ఉండదు, మా సందులో రోడ్డు మీద బండి తోలితే టిక్కీలు వాటంతటవే తొక్కుకుంటాయి. అప్పడం ఆఖరి బంతి దాకా రావాలంటే వడ్డించేవాడి కాలర్ పట్టుకుని అడగాల్సిందే, ఆ పని నేను మానను. అయినా అవుతుందా అని అడిగితే అవుతుందనే అంటాను. మంచి కాయే మన దగ్గర లేదని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోను. ఉంది. గలగలమంటోంది. నా చెవులతో విన్నాను.

అమ్మాయి శాంపులు కాయలు కవర్లలో వేసుకుంది. లోపలి విషం సంగతి ల్యాబులో తేలాలి, కొన్ని రోజులు పడుతుందంది. పసుపు టిక్కీలు మాత్రం వెనక్కి తెచ్చుకుని, మళ్ళీ ఆరబోసి, ఊళ్ళో కారం ఆడించుకునేవాళ్ళకి అమ్మాం. మా కారం వేస్తే కూరలో పసుపు విడిగా వెయ్యక్కర్లేదని అమ్మ ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేసింది. చాలా త్వరగా అయిపోయాయి.

ఆ కొన్ని రోజులూ అక్క ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేది. ఉగాది దగ్గరపడుతోంది. బాబాయిగారు ఒకసారి గుర్తు చేశాడు కూడా, వేరే ఎవరో పొలం అడుగుతున్నారని. అక్క ఏమీ తేల్చకుండా, చెబుతానండీ అని పెట్టేసింది. కోల్డ్ స్టోరేజీలో పనికి ఎప్పుడు రమ్మంటారో కనుక్కోమని నాకే చెప్పింది. నేను కనుక్కోలేదు, మరిచిపోయానన్నాను.

కంపెనీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు అక్క ఆఖరి కోత కోస్తోంది. చేతులనిండా కాయ ఘాటు. ఆ చేతులతో ఫోన్ ముట్టుకుని చెవి దగ్గర పెడితే ఆ పూటంతా చెంప మండుతుంది. అందుకని ఫోన్ నేనెత్తి అక్క చెవికి ఆనించి పట్టుకున్నాను. అటు ఏమంటున్నారో నాకు వినపడలేదు. అక్క ఊఁ అంది, ఊఁ అంది, సరేనమ్మా అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఘాటుకో, మరి దేనికో, తుడుచుకుందామంటే చెయ్యి పనికిరాదు. నా భుజానికి మొహం రుద్దేసుకుంది.

"ఏమంది?" అన్నాను.

"విషం లేదంటరా. మిగతా బండ్లు తోలుకు రమ్మంది. వచ్చే ఏటికి కూడా పేరు రాసుకున్నారంట." ముక్కు ఎగబీల్చింది. "బాబాయిగారికి కలుపు."

కలిపి మళ్ళీ చెవికి పెట్టాను.

"బాబాయిగారూ, నేనండీ. పొలం ఎవరికీ మాటివ్వకండి, నేనే చేస్తా." కాసేపు విన్నది. "ఆ, మిరపేనండీ. కాకపోతే ఒక మాట. కల్లం మట్టిది గదా, పట్టా చిరిగిందంటే తేమ లాగుద్ది. సిమెంటు చేయించాల. పొలం మీది, పంట నాది, సగం మీరు పెట్టుకోవాలి."

నా చెయ్యి నొప్పి పుడుతోంది. అక్క మాత్రం ఫోన్ తియ్యొద్దని కళ్ళతోనే నన్ను గదమాయించి, ఒంగి ఇంకో చెట్టు కాయలు కోసుకుంటూ అంది.

"తొందరేం లేదండీ, ఆలోచించుకోండి. లైన్లోనే ఉంటా."